తెల్ల మేకు మడులు

మా నాన్న చొక్కా గుండీలు తనే పెట్టుకున్న రోజునే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. పైగా సంబరపడ్డాను. నాలుగేళ్లుగా ఆ గుండీలు పెడుతున్నది నేనే. పొద్దున్నే పొయ్యి మీద టీ మరుగుతుంటే ఆయన వచ్చి నా ముందు గడ్డం పైకెత్తి నిలబడేవాడు. కింద నుంచి పైకి ఆరు గుండీలు పెట్టి, ఇక పో అనేదాన్ని. ఆయన చేతులు అంతగా వణికేవి. టీ కూడా సగం గ్లాసే పోసేదాన్ని. నిండా పోస్తే నోటిదాకా చేరేది కాదు.

ఆ వణుకు ఎక్కడిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ అంటే ఎంతమంది, ఆయనా నేనూ. ముప్పై ఏళ్లు ఈ పరిశోధన క్షేత్రంలోనే వీపుకి ట్యాంకు తగిలించుకుని పురుగుమందు కొట్టాడు. విత్తనాలు పెంచే పెద్ద పొలంలో పని. ముక్కుకి గుడ్డ కట్టుకోవడం నామోషీ అనుకునే రోజులవి. మందు కొట్టిన చేతులు ప్యాంటుకి తుడుచుకుని అన్నం తినేవాళ్లు. డాక్టరు ఆయన చేతులు చూసి, ఏం పని చేసేవాడివని అడిగి, జవాబు విని ఇంకేమీ అడగలేదు. మాత్రలు రాసి, వేళ్లకి పని చెప్పమన్నాడు. పళ్లెంలో గింజలు పోసుకుని ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వెయ్యమన్నాడు. నాన్న రెండు రోజులు ఏరి, ఇదేం పిచ్చిపని అని పళ్లెం మంచం కిందికి తోసేశాడు.

ఆయన పని మానగానే ట్యాంకు నా వీపెక్కింది. ఆరేళ్లు మోశాను. ఆరో ఏడు ఒక మధ్యాహ్నం చేలోనే కళ్లు తిరిగి పడ్డాను. తెలివొచ్చేసరికి మేడం నా మొహాన నీళ్లు చల్లుతోంది. మేడం అంటే పురుగుల మీద పరిశోధన చేసే ఆవిడ. నాకంటే ఐదేళ్లు చిన్నది, కానీ ఆవిడ నన్ను నువ్వంటుంది, నేను ఆవిణ్ని మీరంటాను. ఆరోజు ఆవిడ నన్ను ఒకటే అడిగింది, లెక్కపెట్టడం వచ్చా అని. వచ్చన్నాను. అప్పట్నించి నేను పురుగుల్ని లెక్కపెట్టే మనిషిని. క్షేత్రంలో అందరూ నన్ను లెక్కలమ్మ అంటారు. వెటకారంగానే అంటారు, అయినా నాకిష్టమే.

మేడం చేస్తున్నది అలసందల మీద. పన్నెండు మడులు, ఒక్కొక్కటీ ఇరవై చదరపు మీటర్లు. నాలుగు మడుల మూలల్లో పాతినవి ఆకుపచ్చ రంగు మేకులు. వాటికి కంపోస్టు వేసి, పురుగు కనిపిస్తే వేపగింజల కషాయం కొడతాం. నాలుగింటికి ఎర్ర మేకులు. అవి బస్తా ఎరువూ, డబ్బా మందూ. వాటి పనికి ట్యాంకుల వాళ్లు వస్తారు, ఆరోజు నేను దరిదాపుల్లోకి వెళ్లను, నాన్న ఇంట్లో కిటికీ మూసుకుని కూర్చుంటాడు. మిగతా నాలుగింటికి తెల్ల మేకులు. వాటికి ఏమీ చెయ్యం. విత్తనం వేసి, నీళ్లిచ్చి, వదిలేస్తాం. ఎరువూ లేదు, కషాయమూ లేదు, మందూ లేదు. ఏమీ చెయ్యకపోతే ఎంత పండుతుందో తెలిస్తేనే కదా, చేసినందుకు ఎంత లాభమో తెలిసేది.

చెప్పడానికి తేలికే. కళ్లముందు చూడటం మాత్రం నాకు ఏటా నరకమే. పక్క మడిలో మొక్కలు నిగనిగలాడుతుంటే తెల్ల మేకు మడిలో కొసలన్నీ పేనుబంక పట్టి ముడుచుకుపోయేవి. పూత గూళ్లు కట్టి, ఆ గూళ్లలో కాయతొలుచు పురుగు కాపురం పెట్టేది. నేను పక్కన కూర్చుని, చెయ్యి వెయ్యకుండా, వాటిని లెక్కపెట్టి పుస్తకంలో రాసేదాన్ని. పెన్సిల్‌తో రాయకూడదు, పెన్నుతో రాయాలి. కొట్టివేస్తే పక్కన సంతకం పెట్టాలి. అదీ మేడం పద్ధతి.

మూడేళ్లు వరసగా ఆకుపచ్చ మేకులు తెల్లవాటి మీద గెలవాలని పైవాళ్లు షరతు పెట్టారు. రెండేళ్లు గెలిచాం. పోయినేడాది ఆకుపచ్చ మడి రెండు కిలోల పైన ఇస్తే తెల్ల మడి కిలో కూడా ఇవ్వలేదు. ఈ ఏడు కూడా అలాగే వస్తే మేడం విభాగం నిలుస్తుంది, నేను లెక్కలమ్మగానే ఉండిపోతాను. రాకపోతే విభాగం ఎత్తేస్తారు, నేను మళ్లీ ట్యాంకు ఎత్తుకోవాలి. మానేద్దామంటే మేమున్న క్వార్టరు నా ఉద్యోగంతో వచ్చింది. ఉద్యోగం మానితే నాన్నని తీసుకుని ఎక్కడికి పోను? నాకు సమాధానం తెలియని లెక్క అదొక్కటే.

ఈ ఏడు ఐదు వారాలు అంతా సవ్యంగా నడిచింది. ఆరో వారంలో, పూత మొదలయ్యాక, మంగళవారం లెక్కకి వెళితే తెల్ల మేకు మడుల్లో పురుగులు తగ్గాయి. ఒక్కో మడిలో గుర్తు కట్టిన ఐదు మొక్కలుంటాయి. వాటి కొసలు చూస్తాను, పూలు తెల్లకాగితం మీద దులిపి చూస్తాను. పోయినేడాది ఇదే వారంలో కొసల నిండా నల్లగా పట్టిన పేనుబంక, ఇప్పుడు అక్కడొకటి, ఇక్కడొకటి. ఇరవై పూలు దులిపితే ఒక్క పురుగు. మళ్లీ దులిపాను. ఉన్న ఒక్కటీ పారిపోయింది.

ఇక్కడ నేను చేసిన వెధవపని చెప్పాలి. నా వయసు నలభై మూడు. ఏడాదిగా సూదిలో దారం ఎక్కడం లేదు. మాత్రల చీటీ మీద అక్షరాలు చెయ్యి చాచి పట్టుకుంటేనే కనిపిస్తున్నాయి. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కళ్లు సరిగా లేని మనిషిని పురుగులు లెక్కపెట్టడానికి ఎవరు ఉంచుకుంటారు? మొదటి ఏడాది రెండు మడులు తారుమారు చేసి రాస్తే, కళ్లెక్కడ పెట్టుకున్నావని మేడం అందరి ముందూ కడిగేసింది. అది నా మనసులో అలాగే ఉంది. అందుకని ఆ మంగళవారం తెల్ల మేకు మడిలో పురుగులు కనిపించకపోతే, పురుగులు లేవని నాకు తట్టనే లేదు. ఉన్నాయి, నాకే కనపడటం లేదు అనుకున్నాను.

పోయినేడాది పుస్తకం తీశాను. అదే వారంలో ఏమేమి రాశానో చూసి, ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా వేసి, పెన్నుతో నింపేశాను. మరి ఆకుపచ్చ మడుల్లో ఇవే కళ్లకి పురుగులు కనిపిస్తున్నాయి కదా అని నన్ను నేను అడగలేదు. భయం వేసినప్పుడు మనిషికి బుర్ర పని చెయ్యదు, కనీసం నాకు చెయ్యదు. వచ్చే వారం అద్దాలు కొనుక్కుంటాను, ఈ ఒక్కసారికే అనుకున్నాను. శుక్రవారం కూడా అంతే. ఆ తర్వాత ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం అంతే.

ఆ రోజుల్లోనే నాన్న గుండీలు పెట్టుకోవడం మొదలైంది. మొదట పై గుండీ. తర్వాత రెండు. ఒకరోజు టీ గ్లాసు నిండా పొయ్యమన్నాడు. చుక్క ఒలకకుండా తాగి, గ్లాసు బోర్లించి చూపించాడు. మాత్రలు పనిచేస్తున్నాయని నేను మురిసిపోయాను. డాక్టరుకి మనసులోనే దణ్ణం పెట్టాను.

పదకొండో వారం కాయలు ఎండుతున్నాయి. మర్నాడు వాన పడొచ్చన్నారు. వాన ముందే ఎండిన కాయలు కోసేద్దామని ఆరోజు ఎనిమిదింటి దాకా ఆగకుండా తెల్లవారుతూనే సంచులు తీసుకుని బయల్దేరాను. నాన్న అప్పటికే లేడు. ఆయన రోజూ ఆ వేళకి నడకకి పోతాడు. డాక్టరు నడవమన్నాడు కదా అని నేనే తరిమేదాన్ని.

ఆయన నడుస్తున్నది ఎక్కడికో అప్పుడు చూశాను. రెండో తెల్ల మేకు మడిలో చిన్న పీట వేసుకుని కూర్చున్నాడు. పక్కన సబ్బునీళ్లు పోసిన సీసా. ఎడమచేత్తో కొమ్మ వంచి, కుడిచేతి రెండు వేళ్లతో కాయకీ కాయకీ మధ్య నుంచి పురుగుని పట్టి తీసి సీసాలో వేస్తున్నాడు. ఒకటి, ఇంకొకటి. ఆ వేళ్లు ఎంత నెమ్మదిగా, ఎంత తిన్నగా కదులుతున్నాయంటే, అవి మా నాన్నవి అని నమ్మడానికి కాస్త సమయం పట్టింది.

నా అడుగుల చప్పుడు విని తలెత్తాడు. ఇంత పొద్దున్నే ఏంటమ్మా అన్నాడు, తనకేదో ఆ మడి మీద పట్టా ఉన్నట్టు.

"ఎన్నాళ్లయింది నాన్నా ఇది?" అన్నాను.

"పూత వచ్చినకాడ్నుంచి. ఆ ఎర్రమేకుల దగ్గరికి పోలేదులే, భయపడకు. నీ ఆకుపచ్చవాటినీ ముట్టుకోలేదు. ఇవి నాలుగూ ఎవరికీ పట్టకుండా పడున్నాయి, పాపం. ఆ పళ్లెంలో గింజలేరడం కన్నా ఇది నయం కదా అని మొదలెట్టాను."

కొసలకి పట్టిన పేనుబంకని వేళ్ల మధ్య నలిపేసేవాడట. గూడు కట్టిన పూలు తుంచేసేవాడట. గేటు దగ్గర కాపలావాడు ఆయన పాత జతగాడు, రోజూ గేటు తీసేవాడట. ఇంకా ఉంది. కంపోస్టు నీళ్లు కలిపే బకెట్లు నేను ఇంటికి తెచ్చి కడిగి, ఈ మురుగు ఎక్కడైనా పారబొయ్యి నాన్నా అనేదాన్ని. బలమైన నీళ్లు, కాలవలో పొయ్యడం ఎందుకని అవి కూడా తెచ్చి ఈ నాలుగు మడుల్లోనే పోశాడట. ఈ సంగతి చెప్పేటప్పుడు కాస్త గర్వంగానే చెప్పాడు.

ముప్పై ఏళ్లు ఈ క్షేత్రంలో పనిచేసిన మనిషికి తెల్ల మేకు అంటే ఏమిటో తెలియదా అని మీరనవచ్చు. తెలియదు. ఆయన చేసింది విత్తనాల పొలంలో. అక్కడ ప్రతి మొక్కా బతకాల్సిందే. కావాలని పురుగుకి వదిలేసే మడి ఒకటుంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. రోజూ ఇంటికొచ్చి మేడం ఇలా అంది, మేడం అలా అంది అని వాగేదాన్నే గాని, అసలు సంగతి ఒక్కనాడూ చెప్పలేదు.

నాకు ఒళ్లు మండింది. సీసా తన్నేద్దామనిపించింది. నా కొంప ముంచావు నాన్నా అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆయన చెయ్యి చాపి, వేళ్లు విడదీసి, నా మొహం ముందు పెట్టాడు. వాటి మీద ఆకుపసరు మరకలు. పది లెక్కపెట్టేంత సేపు అలాగే ఉంచాడు. కదల్లేదు.

"చూశావా?" అన్నాడు.

చూశానన్నాను. పంట అయిపోవచ్చింది, రేపట్నించి రావద్దులే అని మాత్రం చెప్పాను. సరేనని పీట చంకన పెట్టుకుని, సీసా పట్టుకుని ఇంటికి పోయాడు. నేను అక్కడే మడి గట్టు మీద కూలబడ్డాను.

తూకానికి నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ నేను తిన్న తిండి నాకు గుర్తులేదు. కాయలు కోస్తూ, ఎండబెడుతూ, కర్రతో కొట్టి గింజలు రాలుస్తూ, నా బుర్రలో ఒకటే గానుగ తిరిగింది. నాన్న చేసింది చెబితే ఈ ఏడాది తెల్ల మడులు చెల్లవు. అవి చెల్లకపోతే పోల్చడానికి ఏమీ లేదు, ఆకుపచ్చవి గెలిచినట్టూ కాదు. విభాగం పోతుంది. చెప్పకపోతే తెల్ల మడులు ఆకుపచ్చవాటికి సమానంగా తూగుతాయి. కంపోస్టూ కషాయమూ దండగ అని తేలుతుంది. అప్పుడూ విభాగం పోతుంది. చెప్పినా ట్యాంకే, చెప్పకపోయినా ట్యాంకే. మధ్యలో నా పుస్తకం ఒకటి. ఆరో వారం నుంచి తెల్ల మడుల్లో లెక్కలేనన్ని పురుగులున్నాయని నా చేత్తో, పెన్నుతో రాసిన పుస్తకం.

ఇంట్లో ఇంకో నరకం. నాన్న రోజూ సాయంత్రం గడపలో కూర్చుని, తెల్లవి ఎంత వచ్చాయే అని అడిగేవాడు. ఇంకా తూచలేదనేదాన్ని. వంద కాయలకి ఎంత బరువుంటుందో చేత్తో పట్టి చెప్పొచ్చు, చెప్పు అనేవాడు. మూకుడు మాడిపోతోందని లోపలికి పోయేదాన్ని.

మూడో రోజు మధ్యాహ్నం నేను స్టోరులో ఒక్కదాన్నే ఉన్నాను. స్టోరు చూసే బాబాయి భోజనానికి వెళుతూ తాళంచెవి నా చేతికిచ్చాడు. పదేళ్లుగా ఇస్తున్నాడు, ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూసుకోలేదు. పొడుగాటి గది, ఒకటే కిటికీ, దానికి దోమల జాలీ. రేకు బల్ల మీద పన్నెండు గుడ్డ సంచులు, ఒక్కోదాని మెడకి చీటీ. తెల్ల చీటీల సంచులు నాలుగూ నాకేసి చూస్తున్నట్టే అనిపించింది.

మంచిదాన్నని చెప్పుకోవడానికి ఈ కథ చెప్పడం లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. తలుపు దగ్గరగా వేశాను. నా అన్నం డబ్బా ఖాళీ చేశాను. మొదటి తెల్ల సంచి మూతి విప్పాను. ఒక్కో సంచిలోంచి కిలో తీసేస్తే చాలు. బరువు తగ్గుతుంది, పుస్తకంలో పురుగులకి సరిపోతుంది, ఆకుపచ్చవి గెలుస్తాయి, మేడం గెలుస్తుంది, నేను బతికిపోతాను. చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు గింజలు తీశాను.

తీసి చూసుకున్నాను. గింజలు నున్నగా, నిండుగా ఉన్నాయి. అలసంద గింజ ఎలా ఉండాలో అలా ఉన్నాయి. ఏటా తెల్ల సంచిలో వచ్చే గింజలు ముడతలు పడి, సగానికి సగం తూట్లతో ఉంటాయి. మేడం ప్రతి సంచిలోంచీ వంద గింజలు తీసి, తూట్లున్నవి ఎన్నో లెక్కపెడుతుంది. ఆ పని ఆవిడ ఎవరికీ ఇవ్వదు. బరువు తగ్గించగలను సరే, గింజలకి తూట్లు ఎక్కడ్నించి తేను? మా నాన్న ఒక్క తూటు కూడా పడనివ్వలేదు.

గింజలు మళ్లీ సంచిలో పోసేశాను. మూతి కట్టబోతే నా చేతులు వణికి ముడి పడలేదు. మూడుసార్లు కట్టాను. బాబాయి వచ్చేసరికి బల్ల తుడుస్తూ ఉన్నాను.

తూకం నాడు మేడం పొద్దున్నే వచ్చింది. బాబాయి తూస్తుంటే ఆవిడే రాసుకుంది. ఎర్రవి రెండు కిలోల మూడొందలు, కొంచెం అటూ ఇటూ. ఆకుపచ్చవి రెండు కిలోల వంద. తెల్లవి మొదటి సంచి, కిలో తొమ్మిదొందలు. తప్పు చీటీ కట్టారేమో చూడమంది. చీటీ సరిగానే ఉందన్నాడు బాబాయి. రెండోది రెండు కిలోలు. మూడోది, నాలుగోది అంతే. మేడం కలం కింద పెట్టింది. వంద గింజలు పళ్లెంలో పోసుకుని కూర్చుంది. వేలితో ఒక్కొక్కటే తిప్పి చూసింది.

తర్వాత నా పుస్తకం తెప్పించుకుంది. ఆరో వారం నుంచి పేజీలు తిప్పింది. ఆవిడ ఎక్కడ నన్ను తిడుతుందో అని ఎదురు చూశాను. తిట్టలేదు. నా అంకెల మీద ఆవిడకి ఒక్క పిసరు కూడా అనుమానం రాలేదు. అదే నన్ను చంపేసింది.

"ఇన్ని పురుగులున్నా ఇంత పండిందంటే, ఈ విత్తనం పురుగుని తట్టుకుంటోంది. పోయిన రెండేళ్లూ తెల్లవి తగ్గింది వాన వల్లో, నేల వల్లో అయ్యుంటుంది. దీనికి మన కంపోస్టూ అక్కర్లేదు, కషాయమూ అక్కర్లేదు," అంది మెల్లగా. "మూడేళ్లు నన్ను నేనే మభ్యపెట్టుకున్నాను. రాసి పంపేస్తాను."

కలం మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆవిడ మొహంలో కోపం లేదు, ఏమీ లేదు. ఆవిడ కషాయం కోసం వేపగింజలు దంచీ దంచీ అరచేతులు కాయలు కాసిన సంగతి నాకు తెలుసు. ఆ చేత్తోనే అబద్ధం రాయబోతోంది, నా అబద్ధం. ఎటు తిరిగీ ట్యాంకే అని నాకప్పటికే తెలుసు. అలాంటప్పుడు ఈవిడ నోట్లో ఎందుకు మట్టి కొట్టాలి?

"మేడం, కషాయం పనిచేసింది. తెల్ల మడుల్లో పురుగులు మా నాన్న ఏరేశాడు. ఆరో వారం నుంచి ఆ పుస్తకంలో ఉన్నవి నేను పోయినేడాదివి చూసి వేసిన అంకెలు," అన్నాను.

బాబాయి చేతిలో సంచి బల్ల మీద పడింది. మేడం నన్ను చూసింది. నేను గుండీల సంగతి, పళ్లెంలో గింజల సంగతి, నా కళ్ల సంగతి, బకెట్ నీళ్ల సంగతి అన్నీ చెప్పేశాను. నిన్న సంచిలో చెయ్యి పెట్టిన సంగతి కూడా చెప్పాను. మొదలుపెట్టాక ఆపడం నా వల్ల కాలేదు. బాబాయి వింటున్నాడని తెలిసినా ఆపలేదు.

మేడం ఒకటే ప్రశ్న వేసింది. "రోజుకి ఎన్ని ఏరాడో లెక్క రాసుకున్నాడా?"

లేదన్నాను. సీసాడు, అంతే తెలుసు.

"రాసుకుని ఉంటే వచ్చే ఏటికి నాలుగో రంగు మేకు పాతేదాన్ని," అంది. నవ్విందో, ఏడ్చిందో చెప్పలేను. నా పుస్తకం తీసుకుని ఆరో వారం నుంచి ప్రతి పేజీకీ అడ్డంగా గీత కొట్టి, ప్రతి గీత పక్కనా సంతకం పెట్టింది.

పైకి పంపిన కాగితంలో తెల్ల మడులు పాడయ్యాయని మాత్రమే రాసింది. నా పేరు రాయలేదు, నాన్న పేరు రాయలేదు. నా ఉద్యోగం పోకుండా ఆవిడ చేసిన మేలది. నెల తిరక్కుండా విభాగం ఎత్తేశారు. ఆవిణ్ని ఎక్కడో లోపల గదుల్లో పనికి వేశారు. పన్నెండు మడులూ కలిపి దున్నించి విత్తనాల పొలంలో చేర్చేశారు. మేకులన్నీ కట్టకట్టి స్టోరులో ఒక మూల పడేశారు. నా పేరు మందు కొట్టేవాళ్ల జాబితాలో ఎక్కింది. కొత్త ట్యాంకు ఇచ్చి సంతకం తీసుకున్నారు. ఎవరి ట్యాంకు వాళ్ల ఇంట్లోనే పెట్టుకోవాలి, పోతే పూచీ వాళ్లదే.

సాయంత్రం ట్యాంకు తెచ్చి గోడ వారగా పెట్టాను. నాన్న మంచం మీద కూర్చుని దాన్ని చూశాడు. ఇదెవరిదే అని అడిగాడు. అప్పటిదాకా ఆయనకి నేను ఏమీ చెప్పలేదు. తెల్లవి రెండు కిలోలు తూగాయని మాత్రం చెప్పాను, అది విని ఆయన వారం రోజులు వీధిలో కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. తెల్ల మేకు అంటే ఏమిటో చెప్పాను. ఐదు నిమిషాలు పట్టింది. ఈ ఐదు నిమిషాలు రెండేళ్ల కిందటే ఖర్చుపెట్టి ఉంటే సరిపోయేది.

నాన్న క్షమించమనలేదు, నాకేం తెలుసు అని వాదించలేదు. అన్నం తినలేదు. ఆకలి లేదన్నాడు. నేను కూడా బతిమాలలేదు. నిజం చెప్పాలంటే ఆయన మీద నాకు ఇంకా కోపంగానే ఉంది, నా మీద అంతకంటే ఎక్కువగా ఉంది.

పొద్దున టీ మరుగుతుంటే ఆయన వచ్చాడు. ఆరు గుండీలూ పెట్టుకునే వచ్చాడు. నేను పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ట్యాంకు వీపుకెత్తుకుని, పట్టీలు బిగించుకోవడానికి అవస్థ పడుతున్నాను. పదేళ్లయింది, చేతికి అలవాటు తప్పింది. కొత్త బకిలీ బిరుసుగా ఉంది, సన్నటి మేకు చిల్లులో దూరడం లేదు.

ఆయన నన్ను తనవైపు తిప్పుకున్నాడు. కుడి భుజం పట్టీ లాగి మొదటి ప్రయత్నంలోనే బిగించాడు. ఎడమది బిగించాడు. నడుం పట్టీ వదులుగా ఉందని రెండు చిల్లులు లోపలికి జరిపాడు. జేబులోంచి ఉతికిన గుడ్డ తీసి, మడతపెట్టి, నా ముక్కుకి అడ్డంగా కట్టి, తల వెనక ముడి వేశాడు. ఆ ముడి వేస్తున్నప్పుడు ఆయన వేళ్లు నా మెడకి తగిలాయి. ఒక్కటి కూడా వణకడం లేదు. ఆ వేళ్లు బాగుపడ్డది ఈ పని కోసమా అని నాకు కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. గుడ్డ కట్టి ఉండబట్టి ఆయనకి కనపడలేదు.

"రాగానే సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కో," అన్నాడు. "నేను కడుక్కునేవాణ్ని కాదు."

సరే నాన్నా అన్నాను. ఆయన తలుపు తీసి పట్టుకున్నాడు. ట్యాంకు గడపకి తగలకుండా పక్కకి తిరిగి బయటికి నడిచాను.